విమానం మోతకు పొయ్యి ఆర్పే స్వామి

వంటస్వామి పోయాడని గూడూరు నుంచి నిమ్మకాయలు తెచ్చే వ్యాపారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఎవురు చెప్పినారు? కళ్ళతో చూసినవాళ్ళు ఉండారా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నాయుడుపేటలో నేనే పోయి దండ వేసొచ్చినాను సార్. ఇంకేం సాక్ష్యం కావాల మీకు?" అన్నాడు. అప్పుడు గానీ నేను నమ్మి కుర్చీలో కూర్చోలేదు.

నా స్వభావమే అంత. కాఫీలో చక్కెర వేశానని మా ఆవిడ చెప్పినా, చెంచాతో తిప్పి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసిగానీ తాగను. ఈ గుణం చూసే తిరుపతిలో ఒక సత్రంవాళ్ళు నన్ను పిలిచి మేనేజరుగా పెట్టుకున్నారు. ఈ గుణం వల్లే నేను ఒక మనిషికి తీరని అన్యాయం చేశాను. మొదటి సంగతి ఊరందరికీ చెప్పుకున్నాను. రెండోది ఇప్పుడే చెబుతున్నాను.

డెబ్భైల చివరి మాట. మా సత్రం రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న పాత రాతికట్టడం. యాత్రికులకు రోజూ మధ్యాహ్నం మడివంటతో భోజనం పెట్టాలని ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో పత్రం రాసి ఆస్తి వదిలిపోయాడు. వంటస్వామి నాకంటే ముందునుంచీ అక్కడున్నాడు. పొట్టి మనిషి, నల్లటి ఒళ్ళు, నుదుట ఎప్పుడూ చెదరని తిరునామం. మోచేతుల దాకా కాలిన మచ్చలు. వంటవాడికి కాలిన మచ్చలు ఉండటంలో వింత లేదు కాబట్టి వాటి గురించి నేను అనుమానపడలేదు. మిగతా అన్నిటి గురించీ పడ్డాను.

మొదటిది, గుండిగ ఎంత పెద్దదైనా మూడింట రెండు వంతులకు మించి నింపేవాడు కాదు. వందమందికి వండాల్సినచోట రెండు గుండిగలతో పోయేదానికి మూడు ఎక్కించేవాడు. కట్టెలు దండగ కదా అని నా బాధ.

"ఏం స్వామీ, ఇంకో నాలుగు శేర్లు పట్టవా దీంట్లో?" అన్నాను ఒకరోజు.

"పడతాయప్పా. పొర్లకుండా ఎడం ఉండాల గదా."

"యాల పొర్లుతాది? గుండిగ కదలదు గదా?"

"కదలదు," అని ఒప్పుకున్నాడు. గంటె కడుక్కుంటూ, "ఈడ కదలదు," అన్నాడు.

ఆ 'ఈడ' అన్న మాట రెండురోజులు నా బుర్రలో తిరిగింది. ఇక్కడ కదలదంటే కదిలేచోటు ఇంకొకటి ఉందన్నమాట. ఎక్కడ?

గంటెలు, జల్లెళ్ళు, కత్తిపీట, అన్నిటికీ గోడకు మేకులుండేవి. ప్రతిదానికీ తాడుతో ఉచ్చు. వాడిన వస్తువును అటువైపు చూడకుండానే చెయ్యి చాచి తన మేకుకు తగిలించేవాడు. చీకట్లో వండుతానని ఎవరితోనైనా పందెం కాశాడేమో అనిపించేది. దించిన గుండిగల కింద తడిపిన గోనెపట్టా పరిచేవాడు. రాతినేల మీద అదెందుకని అడిగితే జారకుండా అనేవాడు. కలిపేటప్పుడు కాళ్ళు బారెడు ఎడంగా పెట్టి నిలబడేవాడు. భోజనం మాత్రం ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, నిలబడే తినేవాడు. ఆయన భార్య పీట వేసి విసిగిపోయి ఎప్పుడో మానేసిందట.

ఇవన్నీ ఒక ఎత్తు, విమానం ఒక ఎత్తు. రేణిగుంటలో విమానాలు దిగడం అప్పటికి కొత్త. వారానికి రెండుసార్లు పొద్దున పది, పదిన్నరకు మా మీదుగా ఒకటి పోయేది. యాత్రికులు పరుగెత్తి బయటికొచ్చి, పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపించేవాళ్ళు. మా స్వామి మటుకు ఆ మోత వినపడగానే మూడు పొయ్యిల్లోని కొరకట్టెలూ బయటికి లాగి, గోడవార ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకున్న ఇసుకబకెట్లలో గుచ్చేసేవాడు. నిప్పుల మీద ఇసుక చల్లేవాడు. అన్నం సగం ఉడికి ఉండనీ, పప్పు పొంగుతూ ఉండనీ, ఆయనకు పట్టదు. మోత పూర్తిగా పోయాక మళ్ళీ మొదటినుంచి రాజేసేవాడు. వారానికి రెండురోజులు మా సత్రంలో భోజనం ఒంటిగంటకు కాదు, రెండు దాటాక. ఆకలితో యాత్రికులు నా మీద విరుచుకుపడేవాళ్ళు.

మొదట కట్టెలు కాజేస్తున్నాడనుకున్నాను. సగం కాలిన కొరివిని ఎవరు కొంటారని తర్వాత తోచింది. ఆ తర్వాత మూర్ఛరోగమేమో అని ఆయన కళ్ళలోకి, నోటివైపు చూశాను. తర్వాత సత్రం ఆస్తి చూసే ధర్మకర్త మీద కోపం ఇలా తీర్చుకుంటున్నాడనుకున్నాను. సామాన్ల గది కిటికీలోంచి నెలరోజులు కాపలా కాశాను. నాకు దొరికింది కిటికీ చువ్వల మసి తప్ప ఇంకేం లేదు.

చివరికి సంగతి బయటపెట్టింది కృష్ణపట్నం వైపునుంచి వచ్చిన ఒక ముసలి యాత్రికుడు. భోజనానికి ముందు వంటింటి గడప దగ్గర నిలబడి మేకులు, తడిగోనె, వెలితి గుండిగలు అన్నీ చూశాడు. నా పక్కకొచ్చి, "ఈయనెవురో ఓడలో చేసొచ్చినాడయ్యా. ఓడ వంటోడే ఇట్టా సర్దుకుంటాడు. నేను ఇరవై ఏళ్ళు ఓడల్లో తిరిగినోణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు.

నా ఒంట్లో జర్రున ఏదో పాకింది. సంతోషమే అది, అబద్ధమెందుకు. ఎందుకంటే మా సత్రం పత్రంలో ఒక షరతు ఉంది: సముద్రం దాటినవాడు మడిపొయ్యి ముట్టరాదు. స్వామి ఏమో చిన్నప్పుడు ఇల్లు వదిలి, కుంభకోణంలో ఒక మఠంలో ఏడేళ్ళు వంట నేర్చుకున్నానని అందరికీ చెప్పుకున్నాడు.

ధర్మకర్త హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. నోటితో చెబితే సాక్ష్యమేదని అడుగుతాడు. ఉత్తరం వస్తే మాత్రం విచారణ వేస్తాడు. అందుకని ఆకాశరామన్న పేరుతో, ఎడమచేత్తో, ఒక కార్డు రాసి తిరుచానూరులో పోస్టు చేశాను. మూడోరోజు ధర్మకర్త నన్ను పిలిపించి ఆ కార్డు నా చేతికే ఇచ్చాడు.

"ఏమయ్యా, ఇది చూసినావా? ఎవుడో పనిలేనోడు రాసినట్టుండాది. అయినా పత్రంలో షరతుండాది కాబట్టి అడగకుండా వదిలేదానికి లేదు. నువ్వే అడుగు. దాటలేదని స్వామి ఒక్క కాగితం రాసిస్తే చాలు, దీన్ని చించి పారేస్తాను. దాటినానంటే మటుకు పొయ్యి దగ్గరికి రానీలేము. ఆయన ఉండే గది కూడా వంటాయనకని ఇచ్చిందే గదా."

నేను రాసిన ఉత్తరం మీద నేనే విచారణాధికారిని. ఇంతకంటే ఏం కావాలి? విమానం వచ్చే రోజే ఎంచుకుని, పదిగంటలకు కార్డు జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

స్వామి కార్డు రెండుసార్లు చదివాడు. చేతులు తుడుచుకుని, "కుంభకోణమని చెప్పినాను గదప్పా," అన్నాడు.

"ఏ వీధి స్వామీ? మఠానికి ఎదురుగా ఏముంటాది?"

చెప్పాడు. చెరువు చెప్పాడు, వీధి చెప్పాడు, ఎదురింటి వెండిపని ఆయన పేరు చెప్పాడు. తడబాటు లేదు. నేను చూడనిచోటు గురించి నాకే ప్రశ్నలు అయిపోయాయి. ఇంతలో దూరంగా మోత మొదలయింది.

నేను ఆయన చేతులవైపే చూస్తున్నాను. ఆయన కూడా ఈరోజు ఆపుకోవాలని చూశాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. మోత దగ్గరయింది. చేతులు వచ్చేశాయి. కొరకట్టెలు లాగి ఇసుకలో గుచ్చి, నిప్పు మీద ఇసుక పోసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోత పోయింది. సగం ఉడికిన అన్నం వాసన ఒక్కటే గదిలో ఉంది.

"ఈ కార్డు రాసినాయన మంచోడే అప్పా," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళకు ఒకడు అడిగినాడు."

నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

"మా నాయన గుడి మడపళ్ళిలో వంట చేసేవాడు. ఆయనతో కొట్లాడి మద్రాసుకు పోయినాను. హార్బరులో ఒక ఓడలో హిందువులకు వేరే వంటాయన కావాలన్నారు. యుద్ధం రోజులు, ఎవురు దొరికితే వాళ్ళని ఎక్కించుకుంటా ఉండారు. ఎక్కినాను. ఓడలో వంటాయన్ని భండారీ అంటారు. హిందువుల భండారీ నేను. పక్క వంటింట్లో సాయిబుల భండారీ బీరాను, మలబారు ఆయన. మధ్యలో ఒక ఇనపరేకు, దాంట్లో చిన్న తలుపు. మిరపకాయలు అయిపోతే దాంట్లోనే ఇచ్చి పుచ్చుకునేవాళ్ళం."

"ఏ సముద్రం స్వామీ అది?" ఇంకా నేను విచారణాధికారినే.

"పసిఫిక్ అంటారంట. జపానుకు ఇవతల. నాకు నీళ్ళే అప్పా, ఏ పేరయితే ఏమి? మాది యుద్ధం చేసే ఓడ గాదు. యుద్ధం చేసే ఓడలకు నూనె, తిండి మోసేది. అవి ముందు పోతాయి, మేము ఎనకాల. ఆ ముందు ఓడల్లో కొన్నింటి మింద విమానాలు లేస్తాయి, దిగుతాయి. మనకు రేణిగుంటలో వారానికి రెండు. ఆడ ఈగలు ముసిరినట్టు.

"ఆ దినం తెల్లారేసరికే శత్రువుల విమానాలు వస్తా ఉండాయని గంట కొట్టినారు. గంట కొడితే ముందు పొయ్యి ఆర్పాల. అది ఓడ చట్టం. ఓడ ఊగితే నిప్పులు పొర్లుతాయి, నూనె మోసే ఓడ, ఏమైతాదో చెప్పాల్నా? ఆర్పినాను. కిటికీ ఇంత, పళ్ళెమంత. నేను చూసిన యుద్ధమంతా ఆ పళ్ళెంలోనే. ఆకాశంలో నల్లగా పొగముద్దలు. వాటి మధ్య విమానాలు. ఒకటి బాంబు వేసి పోతాదని సూస్తా ఉంటే, పోలేదు. మనిషి కూర్చున్న విమానమే నేరుగా వచ్చి ముందు ఓడ మింద పడింది. నా కళ్ళు నేనే నమ్మలేదు. బీరానును పిలిచి చూపించినాను.

"మధ్యాన్నం ఇంకోసారి గంట. మళ్ళా ఆర్పినాను. పొద్దున్నుంచి అందరికీ టీ, బిస్కత్తులే. తుపాకీల కాడ గుండ్లు మోస్తా ఉండారు మావాళ్ళు, కడుపులు అంటుకుపోయినాయి. రెండుగంటలకు నిమ్మళించింది. బియ్యం ఎక్కించినాను. రెండు గుండిగలు, అంచుదాకా పోసినాను, ఆకలిమీద ఉండారని. ఇంకొక్క ఉడుకు వస్తే అయిపోతాది. మూడోసారి గంట."

పీట మీదనుంచే ఆరిన పొయ్యి వైపు తిరిగాడు.

"మా ఇంట్లో ఒక ఆచారం. పొయ్యెక్కిన బియ్యం దేవుడికని ఎక్కినట్టు. ఉడకకుండా దించకూడదు, మధ్యలో నిప్పు ఆర్పకూడదు. ఓడలో గూడా నేను బియ్యం పోసేటప్పుడు మనసులో నివేదన చెప్పుకునే పోసేవాణ్ణి. సముద్రం దాటినా ఇదొక్కటైనా తప్పకుండా ఉంటే మా నాయన కాడికి మళ్ళా పోవచ్చని. ఒక్క ఉడుకే గదా అనుకున్నా. ఆర్పలేదు. బీరాను తన నిప్పు ఆర్పేసి, రేకు తలుపు తీసి, 'స్వామీ, నీ దేవుడు ఒక్కపూట ఆకలికి తాళలేడా? ఆర్పు, పైకి పోదాం దా,' అన్నాడు. నువ్వు పో, వస్తా ఉండానన్నా. ఆయన మెట్ల దాకా పోయినాడు.

"అప్పుడు మా పక్కనే నీళ్ళలో ఒక విమానం పడింది. ఓడ ఒరిగింది. గుండిగ పొర్లింది, పొయ్యిలో బొగ్గులు బయటికొచ్చినాయి, నూనెడబ్బా అంటుకుంది. నేను మూలన పడిపోయినాను. బీరాను ఎనక్కి తిరిగొచ్చినాడప్పా. నన్ను వంటింటి తలుపులోనుంచి బయటికి తోసినాడు. ఆయన లుంగీకి నిప్పంటుకుని ఉండాది. ఆయన లోపల ఉండంగానే తలుపు మూసుకుంది."

మోచేతులు చూపించాడు. "ఇవి ఆ తలుపు తీయబోయి కాలినవి."

తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు: "రెండో గుండిగ పొర్లలేదు. మంటలార్పినాంక మూత తీసి చూస్తే అన్నం బాగా ఉడికుండాది. సాయంత్రం వడ్డించినాను. అందురూ తిన్నారు. నేనూ నిలబడి తిన్నాను."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నా లోపలి పురుగు ఊరుకోలేదు. ఇదంతా కట్టుకథేమో, కాగితాలేవని అడగనా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడగనందుకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది, చూడండి మనిషి ఎంత నీచుడో.

"స్వామీ, కుంభకోణమని ఒక్క కాగితం రాసిచ్చేయండి. ధర్మకర్త దాంతో వదిలేస్తానన్నాడు," అన్నాను.

"ముప్పై ఏళ్ళు నోటితో చెప్పినాను కుంభకోణమని. చెప్పినప్పుడంతా ఆ మనిషి పుట్టనే లేదని చెప్పినట్టుండేది. ఇప్పుడు రాసి సంతకం పెట్టమంటావా?" అని నా జేబులోంచి కలం తీసుకుని, నేను రాసిన కార్డు వెనకాలే 'సముద్రం దాటినాను' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. తర్వాత లేచి పొయ్యి రాజేశాడు. ఆరోజు భోజనం రెండున్నరకు అయింది.

సాయంత్రం ధర్మకర్త ఆ కార్డు చూసి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. కఠినుడు కాడాయన. "వంట మంచిది, మనిషి మంచోడు. ఈ వయసులో పొమ్మంటే యాడికి పోతారు ఆలుమగలు?" అన్నాడు. లోపలికి పోయి ఏదో పుస్తకం తిరగేసి వచ్చాడు. "ఆచారం తప్పినదానికి ప్రాయశ్చిత్తం ఉండాది. రామేశ్వరం పోయి స్నానం చేసి రమ్మను. ఈడ చిన్న హోమం చేయిస్తాను. మళ్ళా పొయ్యి ముట్టొచ్చు. పోయి చెప్పు."

నేను దాదాపు పరుగెత్తాను. చేసిన తప్పు ఇంత సులభంగా దిద్దుకుపోతుందని ఎవరనుకుంటారు? సత్రం వెనక వాళ్ళ గదిలో స్వామి, ఆయన భార్య ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సంగతి చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. "మంచిమాట తెచ్చినాడు గదా, ఊ అనండి," అంది భర్తతో.

స్వామి చేతిలోని కాయ ఒలవడం పూర్తిచేసి గింజలు గిన్నెలో వేశాడు.

"దాటినందుకు నాకు పాపమేమీ లేదప్పా. నీళ్ళు నన్నేం చేసినాయి? నేను ఆచారం తప్పినరోజు ఎవురికీ ఏం కాలేదు. పాటించినరోజు ఒక మనిషి కాలిపోయినాడు. తప్పినందుకు ప్రాయశ్చిత్తం ఉండాదని చెప్పినాడు గదా ధర్మకర్త అయ్య? పాటించినందుకు ఉండాదా, పుస్తకంలో సూడమను. ఉంటే అది చేసుకుంటాను, రామేశ్వరం గూడా పోతాను, మీరు పొమ్మనేదాకా ఈడనే వండుతాను. ఎల్లుండి దాకా యాడికీ పోను. ఆయన లేదన్నా సరే, నాకు కోపం లేదు. అడిగినాడని తెలిస్తే చాలు. ఏమన్నాడో వచ్చి చెప్పు."

ఆమె నావైపు చేతులు జోడించింది. "అడిగి చెప్పు నాయనా," అంది.

ధర్మకర్త ఇల్లు అక్కడికి రెండువీధులు. నడుస్తూ ఆలోచించాను. ఈ ప్రశ్న చెప్పాలంటే కథంతా చెప్పాలి. కథంతా విన్నాక ఆయన ఊరుకోడు. ఇంత లోతుసంగతి ఎవరికి తెలిసింది, ఈ కార్డు రాసిందెవరు అని ఆరా తీస్తాడు. ముప్పై ఏళ్ళు పిల్లల చేతిరాతలు దిద్దిన మనిషి. కుడిచేతిదైనా ఎడమచేతిదైనా ఆయన కంటికి ఒకటే.

వరండాలో పడకకుర్చీలో కూర్చుని నాకోసమే చూస్తున్నాడు.

"ఏమన్నాడయ్యా?"

"ఒప్పుకోలేదయ్యా," అన్నాను.

"అయ్యో," అని ముందుకు వంగాడు. "ఇంకేమన్నా అడిగినాడా?"

"లేదయ్యా," అన్నాను.